బోర్డు లేని గాలాల షాపు, దాని పుణ్యమా అని ప్రాణాలతో వదిలిన రెమోరా చేప

వైజాగ్‌లో ఒడ్డు నుంచి గాలం వేసేవాళ్ల కోసం ఈ రివ్యూ. పూర్ణా మార్కెట్ వెనక ఒక సందులో వలలు, తాళ్లు, సీసం గుళ్లు, గాలాలు అమ్మే చిన్న షాపు ఉంది. బోర్డు లేదు, మ్యాప్‌లో కనపడదు, వలల కొట్టు ఎక్కడ అని అడిగితే చూపిస్తారు. ఎనిమిది నెలలుగా నా సామానంతా అక్కడిదే. మొన్న ఆదివారం జరిగినదాని తర్వాత ఇక రాయకుండా ఉండలేకపోయాను.

మొదట్లో నేను ఆన్‌లైన్‌లో రాడ్డు, రీలు కలిపి 1,899 రూపాయలకి తెప్పించుకున్నాను. నాలుగో వేటకే లైను తిరిగే చిన్న రోలరు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రిటర్న్ గడువు అయిపోయిందన్నారు. దాన్ని పట్టుకుని ఈ షాపుకి వెళ్తే, బాబాయ్ (అరవై దాటిన మనిషి, వయసులో తెప్ప మీద వేటకెళ్లినవాడు, వచ్చేవాళ్లంతా అలాగే పిలుస్తారు) కొత్తది చూపించకుండా ముందు ఆ రీలు విప్పాడు. "వేటయ్యాక దీన్ని మంచినీళ్లతో కడుగుతున్నావా బాబూ?" అని అడిగాడు. నేను కడగలేదు. ధార కింద పెడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుందని, సన్నగా చిలకరించి కడిగి, నీడలో ఆరబెట్టి, చుక్క నూనె వెయ్యమని చెప్పాడు. ఆ తర్వాత ఆయన దగ్గరే 10 అడుగుల రాడ్డు, 4000 సైజు రీలు, 20 పౌండ్ల అల్లిక లైను కలిపి 5,400కి తీసుకున్నాను. రీలు ఇప్పటికీ కొత్తదానిలాగే తిరుగుతోంది.

గాలాల విషయంలో కూడా ఆయన మాటే విన్నాను. నేను మామూలు కొక్కెం అడిగితే మొన లోపలికి తిరిగి ఉండే గుండ్రటి గాలం చేతిలో పెట్టి, చేప లాగగానే రాడ్డు ఎత్తి కొట్టొద్దు, ఊరికే రీలు తిప్పుతూ లైను బిగించు, అదే మూతి చివర పట్టుకుంటుంది అన్నాడు. గాలం కడుపులో గుచ్చుకోవడం తక్కువ కాబట్టి వదిలేస్తే చేప బతికే అవకాశం ఎక్కువ.

ఇక ఆదివారం సంగతి. తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గర, 2020 అక్టోబరు వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఇరుక్కున్న వైపు, తెల్లారేసరికి నెత్తళ్లు గుచ్చి వేశాను. పార చేపలో, గులివింద చేపలో పడతాయని ఆశ. ఆరున్నరకి లైను మెల్లగా బిగిసింది, పెద్ద పోరాటమేం లేదు, బరువుగా వచ్చింది. చూస్తే రెండడుగుల సన్నటి నల్లటి చేప, పక్కన మూతి నుంచి తోక దాకా తెల్ల అంచున్న నల్లచార, కింది దవడ ముందుకి పొడుచుకొచ్చి ఉంది. తల మీద మాత్రం రబ్బరు చెప్పు అడుగులా అడ్డగీతలున్న కోలటి బిళ్ల! చేపని తిరగేసి పట్టుకున్నానేమో అనుకుని రెండుసార్లు చూశాను. గుండె దడదడలాడింది, అంత ఆనందం.

గాలం తీసి, ఫోటో కోసం నీళ్ల బకెట్లో వేశానో లేదో వెళ్లి గోడకి తల అంటించేసింది. రాదు. తోక దగ్గర పట్టుకుని లాగితే బకెట్టే లేచి వస్తోంది గానీ చేప ఊడదు. ఎండెక్కుతోంది, నీళ్లు వేడెక్కి అది చచ్చిపోతుందేమోనని టెన్షన్. బాబాయ్‌కి వీడియో కాల్ చేశాను. ఆయన చూసిన వెంటనే, "వెనక్కి లాగకు బాబూ, ఎంత లాగితే అంత గట్టిగా పట్టుకుంటాది, ముందుకి తొయ్యి" అన్నాడు. బొటనవేలితో తల వెనక నుంచి ముందుకి జరిపితే, సబ్బు జారినట్టు ఊడొచ్చింది. ఐదు నిమిషాల్లో సముద్రంలో వదిలేశాను, రాళ్ల సందులోంచి ఒక్క విదిలింపుతో వెళ్లిపోయింది.

అది రెమోరా. సొరచేపలకి, తాబేళ్లకి, టేకు చేపలకి, ఓడలకి కూడా అంటుకుని తిరిగే చేప. ఆ బిళ్ల నిజానికి వీపు మీద ఉండాల్సిన మొదటి రెక్క, అదే మారిపోయి తల మీద చూషకం (పీల్చి అంటుకునే బిళ్ల) అయింది. దాని గీతల మీద వెనక్కి వాలిన సన్నటి ముళ్లు ఉంటాయి. సొర ముందుకి ఈదుతుంటే నీళ్లు రెమోరాని వెనక్కి నెడతాయి కదా, అప్పుడు పట్టు ఇంకా బిగుస్తుంది, తను ముందుకి జరిగితే వదులవుతుంది. బాబాయ్ ఒక్క మాటలో చెప్పింది అదే. దగ్గర్లో సొర ఉందా అని కూడా అడిగాను, అవసరం లేదు, ఒక్కోసారి ఒంటరిగా లోతు తక్కువ నీళ్లలో తిరుగుద్ది అన్నాడు.

లోపాలు కూడా చెప్పాలి. ధరలు ఆన్‌లైన్ కంటే కాస్త ఎక్కువే, బిల్లు అడిగితేనే రాసిస్తాడు, మంచి ఫ్లోరోకార్బన్ లీడరు (లైను చివర గాలం ముందు కట్టే దారం) దొరకదు. ఒకసారి ఇచ్చిన స్నాప్ స్వివెల్ (లైనుకి గాలాన్ని తగిలించే, తిరిగే క్లిప్పు) పార చేప పడగానే విచ్చుకుని చేప పోయింది, చాలా బాధేసింది. చెబితే ఆ ప్యాకెట్ మొత్తం వెనక్కి తీసుకుని గట్టివి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. కొత్తవాళ్లని మాత్రం రాళ్ల మీదికి ఒక్కడివే వెళ్తున్నావా అని గట్టిగా అడుగుతాడు. కోపం తెచ్చుకోకండి, ఆ పాచి మీద కాలు జారితే ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు.

ఉదయం పదికి తెరుస్తాడు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఉండడు. వెళ్తే మీ పాత రీలు కూడా తీసుకెళ్లండి, కొత్తది అమ్మే ముందు దాన్ని ఒకసారి విప్పి చూస్తాడు.