యువరాజుకు తండ్రితో చెడితే ఏది మేలు: పారిపోవడమా, లొంగిపోవడమా?

రష్యా అలెక్సీ, ప్రష్యా ఫ్రెడరిక్‌ల గురించి చదివినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఇద్దరికీ తండ్రి అంటే హడలే, ఇద్దరూ దేశం దాటాలనుకున్నవాళ్లే. ఒకరు 1718లో ఖైదీగా చనిపోతే, ఇంకొకరు 1740లో గద్దెనెక్కారు. అలెక్సీ తండ్రి పీటర్ చక్రవర్తి మరీ క్రూరుడు కాబట్టి అలా జరిగిందని చాలామంది తేల్చేస్తారు. ఫ్రెడరిక్ తండ్రి ఫ్రెడరిక్ విలియం మాత్రం ఏం తక్కువ? నన్నడిగితే అసలు తేడా వారసత్వ హక్కును ఎవరు చేజార్చుకున్నారన్న దగ్గరే ఉంది.

1715 అక్టోబరులో పీటర్ కొడుక్కి హెచ్చరికగా ఉత్తరం రాశాడు. ఆ వెంటనే రెండో భార్య కేథరిన్‌కు మగపిల్లాడు పుట్టాడు. అలెక్సీ కొద్ది రోజుల్లోనే, తాను రాజ్యానికి పనికిరానని, సింహాసనం వద్దని రాసిచ్చేశాడు. దాంతో గండం గడుస్తుందనుకున్నాడు. కానీ రాసిచ్చిన మాటను తండ్రి చనిపోయాక కాదనవచ్చు, ఆ సంగతి పీటర్‌కూ తెలుసు. సన్యాసం పుచ్చుకోమన్నాడు, అలెక్సీ దానికీ సరేనన్నాడు. సన్యాసి టోపీని తలకు మేకులతో బిగించరు కదా అని సలహాదారు కికిన్ ధైర్యం చెప్పాడు. సరిగ్గా ఈ ఆలోచనకే తండ్రి భయపడ్డాడు.

1716లో అలెక్సీ వియన్నా చేరాడు. తోడల్లుడైన పవిత్ర రోమన్ చక్రవర్తి ఆరో చార్లెస్ అతన్ని మొదట ఆల్ప్స్ కొండల్లోని టిరోల్‌లో, తర్వాత నేపుల్స్‌లో దాచాడు. ఆశ్రయమైతే దొరికింది గానీ అతని కోసం యుద్ధానికి దిగేవాళ్లెవరూ లేరు. క్షమిస్తానన్న తండ్రి మాట నమ్మి తిరిగొచ్చాడు. విచారణలో 25 కొరడా దెబ్బలు, మళ్లీ 15, ఆపైన మరణశిక్ష. అది అమలయ్యేలోపే కోటలో ప్రాణం పోయింది.

ఫ్రెడరిక్ 1730 ఆగస్టులో పారిపోబోతూ జర్మనీలోని స్టైన్స్‌ఫుర్ట్ అనే ఊరి దగ్గర దొరికిపోయాడు. ప్రాణం దక్కాలంటే పవిత్ర రోమన్ సామ్రాజ్యం ఆమోదంతో వారసత్వం వదులుకుంటావా అని విచారణలో అడిగారు. ప్రాణం మీద అంత తీపి లేదని, రాజుగారు అంత కఠినంగా ఉండరని జవాబిచ్చాడే తప్ప వదులుకుంటానని అనలేదు. మిగతా అన్నిటికీ తలొంచాడు. తనను ఉంచిన కోట ఉన్న క్యూస్ట్రిన్ ఊళ్లోని కచేరీలో చిన్న గుమాస్తాలా కూర్చుని భూముల కౌళ్లు, పన్నుల లెక్కలు నేర్చుకున్నాడు. 1733లో తండ్రి చూపిన పిల్లనే చేసుకున్నాడు. గద్దెనెక్కాక ఆ లెక్కలే అక్కరకొచ్చాయి. నా మొగ్గు ఇటే. అయితే దీనికి మూల్యం చెల్లించింది పారిపోవడానికి సాయపడిన స్నేహితుడు కాటె. సైనిక న్యాయస్థానం యావజ్జీవమంటే రాజు దాన్ని మరణశిక్షగా మార్చి, కొడుకున్న కోటలోనే తల నరికించాడు.

తండ్రికి ఎదురు పార్టీ కట్టడం ఇంగ్లండు యువరాజు ఫ్రెడరిక్ చేసిన పని. పార్లమెంటు మనుగడలో ఉన్నచోటే అది సాగుతుంది. అయినా 1751లో తండ్రికంటే ముందే పోయాడు. కొరియా యువరాజు సాదో పారిపోకుండా ఉండిపోయాడు. మనవడు సిద్ధంగా ఉన్నాడు కాబట్టి 1762లో రాజు అతన్ని బియ్యప్పెట్టెలో పెట్టించాడు. ఎనిమిది రోజులకు చనిపోయాడు.

పారిపోవడం పనికొచ్చిన సందర్భమూ ఉంది. మొగల్ యువరాజు అలీ గౌహర్‌కు ప్రమాదం తండ్రి నుంచి కాదు, వజీరు ఇమాద్-ఉల్-ముల్క్ నుంచి. ఈ వజీరు హైదరాబాదు మొదటి నిజాం మనవడే. 1758లో యువరాజు బసను వజీరు సైన్యం చుట్టుముడితే పోరాడి బయటపడ్డాడు. మరుసటి ఏడు తన తండ్రిని వజీరు చంపించగానే బీహారులో తానే పాదుషానని షా ఆలం పేరుతో ప్రకటించుకున్నాడు. 1764లో బక్సర్ ఓటమి తర్వాత ఈస్టిండియా కంపెనీ పింఛను మీద అలహాబాదులో గడిపి, 1772లో మరాఠాల అండతో ఢిల్లీ చేరాడు. తండ్రి పక్కనే ఉండిపోతే ఆ రోజు దాకా బతికేవాడు కాదనే నా నమ్మకం.