నడినెత్తి సూర్యుడికి తడబడని ట్రాకర్: మూడేళ్లు వాడాక

ఏప్రిల్ 24 మధ్యాహ్నం చెన్నైలో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా నెత్తిమీదికి వస్తాడు. ఆ రోజు కూడా మా మేడమీది ట్రాకర్, అంటే కొలిచే పరికరాన్ని సూర్యుడి వెంటే తిప్పే యంత్రం, మామూలు వేగంతోనే, గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతూ పోతుంది. ఉరుకులు, పరుగులు, గేర్ల చప్పుడు ఏవీ ఉండవు. నాకు దానిమీద ఇంత ఇష్టం కలగడానికి ఈ ఒక్క గుణమే కారణం. అది ఎంత గొప్ప సంగతో అర్థం కావాలంటే దానికి ముందు మేం పడ్డ అవస్థ తెలియాలి.

తాంబరంలో మాది చిన్న సోలార్ కన్సల్టెన్సీ. సూర్యుడి నుంచి నేరుగా వచ్చే కిరణాల శక్తిని, అంటే డీఎన్ఐని కొలవడానికి పైర్‌హీలియోమీటర్ అనే గొట్టంలాంటి పరికరం పెట్టుకున్నాం. ఆ గొట్టం చూపు మొత్తం కలిపి 5 డిగ్రీలే. గురి ఒక డిగ్రీ దాటి తప్పితే రీడింగ్ పడిపోవడం మొదలవుతుంది. సూర్యుడు ఒక డిగ్రీ జరగడానికి నాలుగు నిమిషాలు చాలు. కాబట్టి సెన్సర్ ఎంత మంచిదైనా, దాన్ని తిప్పే యంత్రం బాగుంటేనే డేటా బాగుంటుంది.

మొదట్లో వాడింది రెండు మోటార్ల ట్రాకర్. ఒకటి దిక్కు కోసం, ఇంకోటి ఎత్తు కోసం. కేబుల్ మెలిపడకుండా ఉత్తరం వైపు ఒక స్టాపర్ ఉండేది. యూరప్‌లో మధ్యాహ్న సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి అక్కడ ఆ స్టాపర్ అడ్డురాదు. చెన్నైలో లెక్క వేరు. ఏప్రిల్ 24 నుంచి ఆగస్టు 18 దాకా మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరంగా వెళ్తాడు. అంటే దాదాపు నాలుగు నెలలు, సరిగ్గా ఎండ మండే వేళలో, ఆ యంత్రం స్టాపర్ దగ్గర ఆగి, దక్షిణం మీదుగా వెనక్కి గుండ్రంగా తిరిగి రావాలి. ఆ తొందరలో మోటారు తన చిన్న చిన్న అంచెల్లో, అంటే స్టెప్పుల్లో, కొన్నిటిని జారవిడిచేది. తాను జారానని దానికి తెలియదు, ఎందుకంటే సూర్యుడు ఎక్కడున్నాడో చూసి గురి సరిచేసే సన్ సెన్సర్ లేని మోడల్ అది.

ఇక్కడే అసలు చిక్కు. స్టెప్పులు జారిన వెంటనే డేటాలో ఏమీ కనపడదు. సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పుడు దిక్కు మూడు డిగ్రీలు తప్పినా గురి పెద్దగా మారదు. పొద్దు వాలేకొద్దీ ఆ తప్పు పైకి తేలుతుంది. పన్నెండున్నరకు రీడింగ్ బ్రహ్మాండం, మూడింటికి సగానికి సగం, అయిదింటికి దాదాపు సున్నా. చూసినవాళ్లెవరైనా ఏమనుకుంటారు? చెన్నై కదా, మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి వచ్చి మసక కమ్మిందనుకుంటారు. ఆ కంపెనీ సర్వీసువాళ్లు కూడా అదే చెప్పి ఫోన్ పెట్టేశారు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

పక్కనున్న పైరనోమీటర్లే, అంటే మొత్తం వెలుగును, చెదిరిన వెలుగును కొలిచే పరికరాలే, నిజం చెప్పాయి. నేరు కిరణాల విలువను సూర్యుడి కోణంతో లెక్కగట్టి, దానికి ఆకాశం నుంచి చెదిరి వచ్చే వెలుగును కలిపితే మొత్తం రేడియేషన్ రావాలి. నిజంగా మసక కమ్మితే చెదిరిన వెలుగు పెరగాలి. మా దగ్గర అది పెరగలేదు, మొత్తం కూడా తగ్గలేదు. తగ్గింది డీఎన్ఐ ఒక్కటే. అంటే మార్పు ఆకాశంలో లేదు, గొట్టమే వేరేవైపు చూస్తోంది. ఆ వేసవి మధ్యాహ్నాల డీఎన్ఐ డేటా అంతా పక్కన పడేయాల్సి వచ్చింది.

తర్వాత అంబత్తూరులో ఒక చిన్న వర్క్‌షాపులో కొత్తది చేయించాం. అక్కడి పెద్దాయనది నెల్లూరు. మా బాధంతా విని ఆయన అన్నది ఒకటే మాట: “సూర్యుడు తిరిగేది ఒక్క చుట్టే కదయ్యా, దానికి రెండు మోటార్లెందుకు?” భూమి అక్షానికి సమాంతరంగా, చెన్నైకి 13 డిగ్రీల వాలుతో ఒకే ఇరుసు. దానికి వర్మ్ గేరు, ఒక స్టెప్పర్ మోటారు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, టెలిస్కోపులకు ఎప్పటినుంచో ఉన్నదే. ఇందులో నడినెత్తి అనేది ప్రత్యేకమైన చోటే కాదు. సూర్యుడు ఉత్తరంగా వెళ్లినా దక్షిణంగా వెళ్లినా ఇరుసు తిరిగే తీరు మారదు.

ఆయన పెట్టిన ఇంకో చిన్న భాగం తూర్పు చివర లిమిట్ స్విచ్. రాత్రి ట్రాకర్ వెనక్కి వచ్చి ఆ స్విచ్‌ను తాకి, లెక్క సున్నా నుంచి మొదలుపెడుతుంది. కేబుల్ మెలిపడదు, ఈరోజు జారిన స్టెప్పు రేపటికి మిగలదు. దాని విలువ 2023 డిసెంబరులో తెలిసింది. బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫాను అంతకుముందే చెన్నైని ముంచేసింది. మా వీధిలో కరెంటు లేదు, మేడమీదికి వెళ్లే పరిస్థితీ లేదు. కరెంటు వచ్చాక నేను స్పానర్లు పట్టుకుని పైకెక్కేసరికి అది స్విచ్‌ను తాకి వచ్చి, గడియారం చూసుకుని, అప్పటికే సూర్యుడిని పట్టేసింది. గొట్టం మీది గురి గుర్తులో సూర్యుడి వెలుగు చుక్క సరిగ్గా మధ్యలో ఉంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

గడియారం అన్నాను కాబట్టి ఒక మాట. మన ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది, చెన్నై 80.3 దగ్గరుంది. సగటున ఇక్కడ సూర్యుడి మధ్యాహ్నం 12 గంటల 9 నిమిషాలకు. దానిమీద ఏడాది పొడవునా వచ్చే తేడా మరొకటి: నవంబరు మొదట్లో సూర్యుడు 16 నిమిషాలు ముందు, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు వెనక. ఈ పట్టిక కంట్రోలర్‌లో లేకపోతే ఇరుసు ఎంత గొప్పదైనా దండగే. చేయించుకునేవాళ్లు ముందే అడగండి.

చెయ్యి పెట్టే పనిలేని యంత్రం అని మొదటి ఏడాది నేను అందరికీ చెప్పేవాణ్ని. అది జూన్, డిసెంబరు నెలలకే సరిపోయే మాట. సూర్యుడి ఉత్తర దక్షిణ జరుగుడును మాత్రం చేత్తో స్క్రూ తిప్పి సర్దాలి. జూన్, డిసెంబరు చివర్లలో పదిరోజులు వదిలేసినా ఫరవాలేదు. మార్చి, సెప్టెంబరు నెలల్లో రోజుకు 0.4 డిగ్రీలు జరుగుతాడు, రెండు మూడు రోజులకోసారి తిప్పాల్సిందే. సంక్రాంతికి ఊరెళ్తే టెన్షన్ లేదు, ఉగాదికే ఉంటుంది. నాలుగు రోజులు సెలవు పెడితే సెలవు మధ్యరోజుకు సరిపోయేలా స్కేలు పెట్టి వెళ్తాను. అటూ ఇటూ 0.8 డిగ్రీల లోపే తప్పుతుంది, డేటా నిలుస్తుంది.

మేం ఎలాగూ రోజూ పొద్దున్నే గొట్టం అద్దం తుడవడానికి పైకెక్కాలి కాబట్టి స్క్రూ మాకు భారం కాలేదు. మనిషి రోజూ వెళ్లలేని చోటైతే నేను దీన్ని చెప్పను. చెన్నై పళ్లికరణైలోని కేంద్ర ప్రభుత్వ పవన శక్తి సంస్థ 2011లో దేశమంతా 51 సౌర రేడియేషన్ స్టేషన్లు పెట్టినప్పుడు రెండు ఇరుసుల ట్రాకర్లు ఎంచుకోవడం సబబే. సన్ సెన్సర్ ఉండి, ఉత్తరం వైపు అడ్డులేకుండా తిరిగే రకం కొనే స్తోమత ఉంటే అది కొనండి. హైదరాబాద్‌లో మా పాతదానిలాంటి ట్రాకర్ ఉన్నవాళ్లు, అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఉత్తరంగా ఉండే మే 9, ఆగస్టు 3 తేదీల మధ్య మధ్యాహ్నాల డేటా తీసి, పైన చెప్పిన కూడిక ఒకసారి వేసి చూసి, ఆ తర్వాతే ట్రాకర్ మార్చాలా వద్దా తేల్చుకోండి.