యురేనియం ముడిఖనిజానికి ఆమ్లమా, క్షారమా: ఏది మేలు?

చెన్నైలో కెమికల్ ఇంజనీరింగ్ చదవడానికి వచ్చే మన కడప, చిత్తూరు పిల్లలు ఏటా నన్నడిగే ప్రశ్న ఒకటుంది. జార్ఖండ్‌లోని జాదుగూడలో 1960ల చివరి నుంచీ గంధకామ్లంతోనే యురేనియం తీస్తుండగా, మన కడప జిల్లా తుమ్మలపల్లెలో సోడియం కార్బనేటు అనే క్షారం మార్గం ఎందుకు పట్టారు, రెండింటిలో ఏది మేలు అని.

ఆమ్లానికి ఉన్న బలాన్ని ముందుగా ఒప్పుకోవాలి. అది రాతిలోని ఇతర ఖనిజాలను కూడా కొంత కొరుకుతుంది కాబట్టి లోపల దాగిన యురేనియాన్ని త్వరగా అందుకుంటుంది. క్షారానికి ఆ శక్తి లేదు గనుక రాయిని మరింత మెత్తగా నూరాలి, ఎక్కువ వేడి, పీడనం కల్పించాలి. అయితే కొరికిన ప్రతిదాన్నీ ఆమ్లం ద్రావణంలోకి తెస్తుంది. ఇనుము, అల్యూమినియం వంటివాటి నుంచి యురేనియాన్ని మళ్లీ వేరు చేసుకోక తప్పదు.

నా దృష్టిలో అసలు నిర్ణయం ఈ లాభనష్టాల దగ్గర జరగదు, ఖనిజాన్ని మోస్తున్న రాయి దగ్గరే జరుగుతుంది. తుమ్మలపల్లెలో యురేనియం ఉన్నది డోలమైటు రాతిలో, అంటే కాల్షియం, మెగ్నీషియం కార్బనేట్ల రాతిలో. డోలమైటు ముక్క మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే పెద్దగా ఏమీ కనబడదు. అదే ముక్కను గీకి, రాలిన తెల్లని పొడి మీద వేస్తే సన్నగా నురగ లేస్తుంది. ఆ నురగే కార్బన్ డయాక్సైడు, అంటే ఆమ్లం ఖర్చవుతున్న గుర్తు. లెక్క వేస్తే, కిలో శుద్ధ డోలమైటు పూర్తిగా కరగడానికి కిలోకు పైగానే గంధకామ్లం కావాలి. ఆ ఖనిజంలో యురేనియం కిలోకు అర గ్రాము కూడా ఉండదు. అర గ్రాము కోసం అంత ఆమ్లాన్ని సున్నపురాయి జాతికి ధారపోయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. సోడియం కార్బనేటు ద్రావణం డోలమైటును దాదాపు ముట్టుకోకుండా, ఆక్సీకరణం చెందిన యురేనియంతో మాత్రం కరిగే సంయోగాన్ని ఏర్పరుస్తుంది. పైగా అందులో చాలా భాగాన్ని తిరిగి వాడుకోవచ్చు.

సిలికా ప్రధానమైన రాయి అయితే నేనూ ఆమ్లమే ఎంచుకుంటాను. పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఎక్కువగా ఉన్నా అంతే, ఎందుకంటే అది క్షారాన్ని తినేస్తుంది. తవ్వకుండా భూగర్భంలోనే కరిగించే పద్ధతి కజకిస్థాన్ ఇసుకరాతి పొరలకు తగినది; మన గట్టి రాళ్లకు దాని ప్రసక్తి లేదు.

క్షారం మేలన్నంత మాత్రాన వ్యర్థాల సమస్య తీరినట్లు కాదు. తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు వల్ల బోరునీళ్లు పాడవుతున్నాయని చుట్టుపక్కల రైతులు చేసిన ఫిర్యాదులను రసాయనశాస్త్రం చదివేవారు తప్పక పట్టించుకోవాలి. ఇక ప్రాజెక్టుగా చేస్తామనే పిల్లలకు ఒక మాట: మన దేశంలో యురేనియం చట్టపరమైన నియంత్రణలో ఉన్న పదార్థం, దాన్ని అనుమతి లేకుండా కాలేజీ ల్యాబులో ముట్టుకోరాదు. ఆమ్లం ఎంత ఖర్చవుతుందో కొలవడానికి యురేనియం లేని మామూలు డోలమైటు చాలు.