గోదావరి ఒడ్డున రెండు రోజులు: ధూళికట్ట నుంచి కాళేశ్వరం దాకా

మా హన్మకొండ వాళ్లకు గోదావరి అంటే కాళేశ్వరమే. పొద్దున పోయి దర్శనం చేసుకుని రాత్రికి ఇల్లు చేరతాం. ఈసారి డిసెంబర్‌లో అమ్మ, తమ్ముడు, నేను రెండు రోజులు పెట్టుకుని పాత ఊళ్లన్నీ చూద్దామని బయల్దేరాం. సొంత బండి ఉంటేనే ఇది కుదురుతుంది. బస్సులను నమ్ముకుంటే రోజంతా దారిలోనే గడిచిపోతుంది.

కరీంనగర్ దాటాక ముందు ధూళికట్ట. వాగు పక్కన శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం. బుద్ధుడికి పడగ పట్టిన ముచిలింద నాగుణ్ని చెక్కిన పలక ఇక్కడ దొరికిందే. అరగంట చాలు, కానీ నీడ ఉండదు, పొద్దున్నే వెళ్లండి.

సాయంత్రం కోటిలింగాల. ఈ యాత్రలో నా మనసు నిలిచిపోయింది ఇక్కడే. పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోట, ఒడ్డున గుడి, పక్కనే మట్టి దిబ్బ. శాతవాహన వంశానికి మొదటివాడైన సిముకుని నాణేలు దొరికింది ఈ మట్టిలోనే. అంతకంటే ముందు ఏలిన గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు కూడా మనకు ఇక్కడి నాణేల వల్లే తెలిశాయి. గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన, "వానవడ్డంక గీ దిబ్బ మీద బిల్లలు తేలుతుండె బిడ్డా, మేం ఆడుకుంటుంటిమి" అన్నాడు. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు ఈ ఒడ్డు దాకా వస్తాయి. మిగిలిన దిబ్బకైనా కంచె, ఒక మంచి బోర్డు పెట్టాలి. మన చరిత్ర మొదలైన చోటు ఇలా ఉండడం నాకు చాలా బాధేసింది. తినడానికి ఏమీ దొరకదు. అమ్మ కట్టిన సకినాలు, పులిహోరే మమ్మల్ని కాపాడాయి.

రాత్రికి ధర్మపురి. గది శుభ్రంగానే ఉంది కానీ ఉంటాయన్న వేడినీళ్లు రాలేదు, అమ్మ చన్నీళ్లతోనే స్నానం చేసింది. గది తీసుకునేటప్పుడే గీజర్ వేసి చూసుకోండి. నరసింహస్వామి గుడి, అదే ఆవరణలో యమధర్మరాజు గుడి తెల్లవారుజామున ప్రశాంతంగా ఉంటాయి. ధర్మపురికి వస్తే యమపురి ఉండదని మా నానమ్మ అనేది, అమ్మ అక్కడ ఆ మాట తలుచుకుని కళ్లు తుడుచుకుంది.

మంథనిలో గౌతమేశ్వరాలయం చూసి, భోజనం చేసి ముందుకు సాగాం. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు. గుడికంటే నాకు ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటే ఎక్కువ నచ్చింది. పడవ మాట్లాడుకునేటప్పుడు ధర ముందే తేల్చుకోండి, లైఫ్ జాకెట్ అడగండి.

తిరుగు దారిలో ఘనపూర్ కోటగుళ్ల దగ్గర ఆగాం. చుట్టూ చిన్న గుళ్లు, మధ్యలో పెద్దది, కాకతీయుల పనితనం. చీకటి పడుతుండగా వెళ్లాం కాబట్టి సరిగ్గా చూడలేకపోయాం. ఆ తర్వాత భూపాలపల్లి రోడ్డు మీద లారీలు ఎక్కువ, రాత్రి డ్రైవింగ్ టెన్షనే.

రామగిరి ఖిల్లా ఈసారి వదిలేశాం. ఆ గుట్ట ఎక్కడానికి ఒక రోజు పూర్తిగా కావాలి. ఔషధ మొక్కల కోసం శ్రావణంలో జనం ఎక్కుతారు, మేమూ అప్పుడే వెళ్తాం.