సీల్డ్ పెట్టెనా, పోర్ట్ ఉన్న పెట్టెనా: మన గదికి ఏ స్పీకర్ మేలు?

మా హాలు 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. చుట్టూ కాంక్రీటు గోడలు, కింద గ్రానైట్. కొన్నేళ్ల కిందట బాగా ఖర్చుపెట్టి నిలువెత్తు స్పీకర్ల జత ఒకటి కొన్నాను. షోరూమ్‌లో విన్నప్పుడు వాటిని వదిలి రాబుద్ధి కాలేదు. అక్కడ గది పెద్దది, నేలంతా మందపాటి కార్పెట్, స్పీకర్లకీ వెనక గోడకీ మధ్య ఐదారడుగుల ఖాళీ. ఇంటికి తెచ్చి అదే కర్ణాటక కచేరీ రికార్డింగ్ పెడితే మృదంగం పోయింది. చప్పుడు తగ్గలేదు, పైగా పెరిగింది. కానీ ఎడమ వైపు తొప్పి మీద విద్వాంసుడు అరచేతి మడమతో నొక్కుతూ తీసే గుంకీ, కింది నుంచి పైకి జారే ఆ నాదం, ఎక్కడా వినిపించలేదు. ప్రతి దెబ్బా ఒకే 'బుమ్మ్'.

నెలరోజులు యాంప్లిఫయర్ని అనుమానించాను, కేబుళ్లు మార్చాను. చివరికి ఒకరోజు స్పీకర్ వెనకున్న గుండ్రటి రంధ్రంలో చేతి తువ్వాలు చుట్టి దోపాను. బాస్, అంటే కింది స్వరాల బలం, కొంచెం సన్నబడింది, గుంకీ మాత్రం తిరిగొచ్చింది. ఆ రంధ్రాన్నే పోర్ట్ అంటారు. స్పీకర్ ఎంత ఖరీదైనదైనా దాని బాస్ తీరుని నిర్ణయించే మొదటి ప్రశ్న అదే: పెట్టెకి ఆ రంధ్రం ఉండాలా, వద్దా?

అసలు పెట్టె ఎందుకో ముందు చూద్దాం. స్పీకర్ కోన్, అంటే ఊగుతూ శబ్దం పుట్టించే గరాటు లాంటి పలక, ముందుకి కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి అదే క్షణంలో పలచబడుతుంది. పెట్టె లేకపోతే ఆ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిసిపోయి, కింది స్వరాల్లో ఒకదాన్నొకటి చంపేస్తాయి. కింది స్వరాలు పలికే పెద్ద కోన్‌ని ఊఫర్ అంటారు; విడి ఊఫర్‌ని చేత్తో పట్టుకుని పాట పెట్టి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది, బాస్ అన్నదే ఉండదు. కాబట్టి వెనక శబ్దాన్ని ఏదో ఒకటి చెయ్యాలి. దాన్ని లోపలే బంధించడం ఒక దారి, వాడుకోవడం ఇంకో దారి.

బంధించే దారికి పేరు తెచ్చినవాడు ఎడ్గర్ విల్చర్. 1954లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ ఆయనా హెన్రీ క్లాసూ కలిసి పెట్టారు. అప్పటిదాకా మంచి బాస్ కావాలంటే బీరువా అంత పెట్టె కావాల్సిందే. విల్చర్ చేసింది ఏమిటంటే, ఊఫర్‌ని వదులుగా వేలాడదీసి, పెట్టెని గాలి చొరబడకుండా మూసేశాడు. సీల్డ్ పెట్టె అంటే ఇదే. సైకిల్ పంపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి నొక్కితే గాలి ఎలా తిరిగి తంతుందో, పెట్టెలోని గాలి కూడా కోన్‌ని అలాగే వెనక్కి నెడుతుంది. రబ్బరూ గుడ్డా చేసే స్ప్రింగ్ పని కంటే గాలి చేసే స్ప్రింగ్ పని సమంగా ఉంటుంది కాబట్టి వక్రీకరణ తగ్గింది, పెట్టె అరలో పట్టేంత చిన్నదైంది. ఆ కంపెనీ తర్వాత ఒక వాద్యబృందాన్ని వేదిక మీద కూర్చోబెట్టి, మధ్యలో వాళ్లు వాయించడం ఆపి స్పీకర్లు అందుకునేలా ప్రదర్శనలిచ్చింది.

వాడుకునే దారి ఇంకా పాతది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఆల్బర్ట్ థురాస్‌కి 1932లోనే దీనిమీద పేటెంట్ వచ్చింది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే 'హూ' అని ఒక స్వరం పలుకుతుంది కదా, పోర్ట్ ఉన్న పెట్టె కూడా అలాంటి సీసానే. పెట్టె లోపలి జాగా, గొట్టం పొడవు, వెడల్పు కలిసి అది ఏ స్వరం దగ్గర పలకాలో నిర్ణయిస్తాయి. ఊఫర్ అలసిపోయే చోట ఈ సీసా అందుకుంటుంది. చాలాకాలం దీన్ని అందాజుగా చేసేవాళ్లు, అందుకే పాత పోర్ట్ పెట్టెలకి గుమ్మని మోగుతాయన్న చెడ్డపేరు. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ దీనికి లెక్కలు కట్టాడు, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ వాటిని విస్తరించాడు. ఈరోజు ఏ ఊఫర్ డేటాషీట్ తీసినా కనిపించే థీల్-స్మాల్ అంకెలు ఆ ఇద్దరివే.

అగరుబత్తి ఒకటి వెలిగించుకుంటే ఈ పని కళ్లతోనే చూడొచ్చు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, శబ్దం తక్కువలో ఉంచి, స్పీకర్ పోర్ట్ దగ్గర అగరుబత్తి పట్టుకున్నాను. 80 హెర్ట్జ్, అంటే సెకనుకి 80 కంపనల స్వరం దగ్గర కోన్ వణుకుతోంది, పొగ మామూలుగానే పైకి పోతోంది. అంకె తగ్గిస్తూ పోతే మా స్పీకర్లో 40 దగ్గరికి వచ్చేసరికి కోన్ దాదాపు నిలబడిపోయింది. పొగ మాత్రం పోర్ట్ మూతి దగ్గర ముక్కలు ముక్కలుగా విరిగిపోతోంది. అంటే ఆ స్వరం పలుకుతున్నది ఊఫర్ కాదు, గొట్టంలోని గాలి. ఇంకా తగ్గించి 25కి వెళ్తే కోన్ పిచ్చెత్తినట్టు ముందుకీ వెనక్కీ ఊగింది, శబ్దం మాత్రం లేదు. అక్కడ పెట్టెలోని గాలి దాన్ని ఆపదు, పోర్ట్‌లోంచి బయటికి పారిపోతుంది. ఈ పరీక్ష చేసేవాళ్లు వాల్యూమ్ తక్కువలోనే ఉంచండి, కోన్ దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

ఆ పొగలోనే రెండింటి మంచీ చెడూ ఉన్నాయి. కోన్ కదలిక తగ్గుతుంది కాబట్టి ఆ స్వరం దగ్గర పోర్టెడ్ స్పీకర్ శ్రమపడకుండా గట్టిగా పలుకుతుంది. ఒకే సైజు పెట్టె, ఒకే లోతు బాస్ అనుకుంటే దానికి సుమారు 3 డెసిబెల్స్ (శబ్దం బలాన్ని కొలిచే అంకె) లాభం. సీల్డ్ పెట్టె అంత శబ్దం ఇవ్వాలంటే యాంప్లిఫయర్ రెట్టింపు వాట్లు పెట్టాలి. స్పీకర్ డిజైనర్లు హాఫ్‌మన్ సూత్రం అని ఒకటి చెప్తారు: లోతైన బాస్, చిన్న పెట్టె, తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం, ఈ మూడిట్లో ఏవో రెండే దొరుకుతాయి. సీల్డ్ తీసుకున్నవాడు ఎక్కువగా వదులుకునేది మూడోదాన్ని.

నష్టం ఏమిటంటే, సీసా పలకడం మొదలుపెట్టడానికీ ఆగడానికీ కొంత సమయం తీసుకుంటుంది. మృదంగం మీద దెబ్బ పడి చెయ్యి లేచాక కూడా పోర్ట్ ఇంకొంచెం పలుకుతుంది. మంచి డిజైన్‌లో, పెద్ద పెట్టెలో, పోర్ట్‌ని బాగా కింది స్వరానికి ట్యూన్ చేస్తే ఇది చెవికి పట్టుబడడం కష్టం. అమెరికన్ విల్సన్ ఆడియో స్పీకర్లు పోర్ట్ ఉన్నవే, వాటి బాస్‌ని వంకపెట్టేవాళ్లు తక్కువ. అలాగే మూసేసినంత మాత్రాన ప్రతి పెట్టే మంచిది కాదు. ఊఫర్‌కి సరిపడని ఇరుకు పెట్టెలో బంధిస్తే సీల్డ్ కూడా పోర్టెడ్ లాగే గుమ్మని మోగుతుంది.

మరి నేను సీల్డ్ వైపు ఎందుకు మొగ్గుతున్నాను? గది వల్ల.

శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. 14 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య 40 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలిచిపోతుంది, 11 అడుగుల వెడల్పులో 51 దగ్గర, పదడుగుల కప్పుకి 56 దగ్గర. నిలిచిపోవడం అంటే గోడ దగ్గర కూర్చున్నవాడికి ఆ స్వరం విపరీతంగా, గది మధ్యలో ఉన్నవాడికి దాదాపు శూన్యంగా వినిపించడం. అమెరికా లాంటి దేశాల్లో చెక్క చట్రానికి జిప్సం పలకలు కొట్టిన గోడలు కింది స్వరాలకి కాస్త వంగి, కొంత శబ్దాన్ని మింగేస్తాయి. మన ఇటుకా కాంక్రీటూ గ్రానైటూ ఏమీ మింగవు. సరిగ్గా ఆ 40 నుంచి 56 మధ్యే పోర్ట్ కూడా బలంగా పలికితే, గది మోతా పోర్ట్ మోతా కలిసి మీద పడతాయి. మా ఇంట్లో జరిగింది అదే. పైగా మనలో చాలామంది స్పీకర్లని టీవీ యూనిట్ గూట్లోనో గోడకి జానెడు దూరంలోనో పెడతాం, పోర్ట్ మూతి సరిగ్గా గోడవైపే ఉంటుంది.

సీల్డ్ పెట్టె బాస్ తగ్గే తీరు వేరు. రెండు స్పీకర్లూ 40 హెర్ట్జ్ దాకా బాగా పలుకుతాయనుకుందాం. అక్కణ్ణించి ఒక స్థాయి కిందికి, అంటే 20 హెర్ట్జ్‌కి వెళ్లేసరికి సీల్డ్ సుమారు 12 డెసిబెల్స్ తగ్గుతుంది, పోర్టెడ్ సుమారు 24. చిన్నగది తలుపులు మూసి ఉన్నప్పుడు ఆ కింది స్వరాలకి తనవంతుగా బలం కలుపుతుంది. సీల్డ్ నెమ్మదిగా తగ్గుతూ ఉంటే గది నెమ్మదిగా పెంచుతూ ఉంటుంది, రెండూ కలిసి చాలావరకు సరిపోతాయి. కాగితం మీద సన్నగా కనిపించే సీల్డ్ బాస్ ఇంట్లో నిండుగా వినిపించడానికి కారణం ఇదే.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ బీబీసీ వాళ్ల ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్. ప్రసార వాహనాల ఇరుకులో ఇంజనీర్లు వినడానికని 1970లలో వాళ్ల పరిశోధన విభాగం తయారుచేసింది. ఎత్తు 30 సెంటీమీటర్లు, లోపల 5 అంగుళాల తరగతి ఊఫర్, పూర్తిగా మూసిన పెట్టె. గట్టిగా పలకదు, ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 83 డెసిబెల్స్ దగ్గరే ఉంటుంది. దాంట్లో మనిషి గొంతు వింటే ఆ మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. యాభయ్యేళ్ల తర్వాత కూడా దాన్ని కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు.

పెట్టె గోడల గురించి రెండు ముక్కలు. మూసిన పెట్టెలో గాలి ఒత్తిడి గోడల్ని బయటికి తోస్తుంది, వాటిని ఏదో ఒకటి చెయ్యాలి. బీబీసీ పలచటి బర్చ్ ప్లైవుడ్ వాడి, లోపల బరువైన డ్యాంపింగ్ పొర అతికించి, వణుకుని గొంతు స్వరాలకి దూరంగా నెట్టింది. కాలిఫోర్నియాలోని మజికో అనే కంపెనీ దీనికి పూర్తి విరుద్ధంగా సీల్డ్ పెట్టెని అల్యూమినియంతో కదలకుండా కట్టింది. హై ఎండ్ సీల్డ్ స్పీకర్ల బరువులోనూ ధరలోనూ పెద్ద వాటా ఆ గోడలదే.

అసలు పెట్టే లేని దారి కూడా ఉంది. ఇంగ్లండ్‌లో పీటర్ వాకర్ 1957లో తెచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్‌లో పలచటి పొర ఒకటే ముందుకీ వెనక్కీ పలుకుతుంది. గొంతూ వయొలిన్ అంత స్వచ్ఛంగా మరెక్కడా వినలేదు నేను. కానీ దాని వెనక నాలుగైదడుగుల ఖాళీ కావాలి, 11 అడుగుల గదిలో అది కుదరని పని.

కాబట్టి నా మాట ఇది. అపార్ట్‌మెంట్ హాల్లో, గోడకి దగ్గరగా, మనవాళ్ల సంగీతం మామూలు వాల్యూమ్‌లో వినేవాళ్లకి సీల్డ్ మేలు. ప్రతి చానెల్‌కీ దిటవైన వంద వాట్ల యాంప్లిఫయర్ పెట్టుకోండి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. 20 అడుగులకి పైబడిన హాలు, గోడకి మూడడుగుల దూరం, సినిమాలు గట్టిగా చూసే అలవాటు, తక్కువ వాట్ల వాల్వ్ (గాజు గొట్టాలతో నడిచే) యాంప్లిఫయర్, వీటిలో రెండు ఉన్నా పోర్టెడ్ తీసుకోండి. అక్కడ సీల్డ్ ఆయాసపడుతుంది.

ఇప్పటికే పోర్ట్ ఉన్నవి ఇంట్లో ఉంటే అమ్మేయక్కర్లేదు. కెఫ్, బవర్స్ అండ్ విల్కిన్స్ లాంటి కంపెనీలు చాలా మోడళ్లతో పాటు పోర్ట్‌లో దోపడానికి ఫోమ్ బిరడాలు ఇస్తాయి. డబ్బాలో అడుగున పడి ఉంటాయి, వెతకండి. వాటిలో చాలావాటికి మధ్య ముక్క ఊడొస్తుంది. ముందు ఆ మధ్య ముక్క తీసేసి పెట్టి ఒక వారం వినండి, ఇంకా మోగుతుంటే పూర్తిగా మూయండి. గొంతు పలచబడిందనిపిస్తే ఒక స్పీకర్‌కి మాత్రమే ఉంచండి, గది మూలకి దగ్గరగా ఉన్నదానికి.