బత్తాయికి ఆకులపై పొటాష్ పిచికారీ: ఆరేళ్ల తర్వాత నా మాట

బత్తాయి కాయ అడుగున సన్నని గీతలా మొదలైన చీలిక రెండు రోజుల్లో నోరు తెరుస్తుంది. నాలుగో రోజుకు కాయ నేల మీద ఉంటుంది. వరుసగా మూడేళ్లు ఆ రాలిన కాయలు ఏరినవాడిగా చెబుతున్నాను: 13-0-45 (నీటిలో కరిగే పొటాషియం నైట్రేట్ ఎరువు) నా తోటకు చేసిన మేలు మరచిపోలేను.

అంతకుముందు పాదుల్లో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేస్తూనే ఉన్నాను. అయినా ఆకు పరీక్షలో పొటాషియం 0.9 శాతం దాటలేదు. నాలుగు నుంచి ఆరు నెలల వయసున్న వసంతపు చిగురు ఆకుల్లో అది 1.2 నుంచి 1.7 శాతం దాకా ఉండాలి. మా నేలలో సున్నం ఎక్కువ. వేసింది వేర్లకు అందకుండా కాల్షియం అడ్డుపడుతోంది. అందుకే ఆకుల దారి పట్టాను.

లీటరుకు 10 గ్రాములు. పిందె రాలడం ఆగాక ఒకసారి, మూడు వారాలకు మరోసారి. బకెట్టులో పొడి వేసి కలుపుతుంటే నీళ్లు చేతికి చల్లగా తగులుతాయి. కరిగేటప్పుడు అది నీటిలోని వేడిని లాగేసుకుంటుంది. చల్లబడిన నీటిలో చివరి పలుకులు ఒక పట్టాన కరగవు. కాసేపు ఆగి, మళ్లీ కలిపి, గుడ్డతో వడకట్టాకే ట్యాంకులో పోయాలి. ఎండ ముదిరాక కొడితే ఆకు అంచులు మాడతాయి.

మొదటి ఏడాదే పగుళ్లు బాగా తగ్గాయి, కాయ సైజు పెరిగింది. అయితే డ్రిప్ వేసి తడులు క్రమంగా ఇవ్వడం మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. బెట్ట తర్వాత ఒక్కసారిగా నీరు అందినా కాయ పగులుతుంది కాబట్టి, ఆ మేలంతా పిచికారీదే అని ఇప్పుడు అనలేను.

నాలుగో ఏడు ఆశ పెరిగింది. నాలుగు పిచికారీలు చేశాను, పైగా డ్రిప్‌లో సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కూడా ఇచ్చాను. (దాన్ని కాల్షియం నైట్రేట్‌తో ఒకే ట్యాంకులో కలపవద్దు. జిప్సం పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోతాయి.) చెట్ల నిండా పెద్ద కాయలు. ఒకటి కోసి చూసి నీరుగారిపోయాను. తొక్క మందంగా, గరుకుగా ఉంది. రసం తక్కువ, పులుపు తగ్గలేదు, రంగు కూడా ఆలస్యమైంది. ముదురు ఆకులు అంచుల నుంచి పసుపు తిరిగి, తొడిమ దగ్గర మాత్రం ఆకుపచ్చ త్రికోణం మిగిలింది. అది మెగ్నీషియం లోపం. పొటాషియం మితిమీరితే చెట్టు మెగ్నీషియం తీసుకోలేదు. ఆకు పరీక్షలో పొటాషియం 2.1 శాతం వచ్చింది. డ్రిప్‌లో పొటాష్ ఆపి, పిచికారీలు రెండుకు తగ్గించి, మెగ్నీషియం సల్ఫేట్ ఆకులపై కొట్టాను. తొక్క మళ్లీ పలచబడటానికి రెండు కాపులు పట్టింది.

సున్నపు నేల, పరీక్షలో పొటాషియం తక్కువ అని తేలిన తోట అయితే ఈ పద్ధతి నిస్సంకోచంగా చెబుతాను. పాదులో వేసిన పొటాష్ సవ్యంగా అందుతున్న నేలల్లో ఈ శ్రమ అవసరమా అన్నది నా తోటను బట్టి తేల్చలేను. నీటిలో ఉప్పదనం ఉన్నవారు మాత్రం క్లోరైడ్ ఉండే మ్యూరేట్ జోలికి పోకపోవడం మేలు. నిమ్మ జాతి చెట్లు క్లోరైడ్‌ను ఓర్చుకోలేవు.

ఈ ఏడు రెండు వరుసలకు పిచికారీ పూర్తిగా ఆపాను. వాటి కాయలు ఇప్పుడు నిమ్మకాయంత ఉన్నాయి. రోజూ అడుగు భాగం తిప్పి చూస్తున్నాను.