చెన్నైలో పాత పోస్ట్‌కార్డుల షాపు: ట్రాము కార్డుల కోసం రెండుసార్లు వెళ్ళా, 5కి 3.5 ఇస్తా

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయట్లేదు. ఒక కార్డు దగ్గర నాకూ ఆయనకీ తేడా వచ్చింది, ఆ గొడవ చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు, చెప్పి పేరు కూడా పెడితే పెద్దాయన్ని రోడ్డు మీదకి లాగినట్టు ఉంటది. జార్జి టౌన్‌లో ఓ సందు, ఇరుకు మెట్లు, పైన ఒక గది, గదినిండా స్టాంపులు, నాణేలు, అగ్గిపెట్టె లేబుళ్ళు, పాత పోస్ట్‌కార్డులు. అంతవరకు చాలు.

నాకు ట్రాము కార్డుల పిచ్చి ఎలా పట్టిందో ఒక ముక్క చెప్తా. మా తాతయ్య కుర్రతనంలో మద్రాసులో తెలుగు ప్రెస్సులో కంపోజిటర్‌గా (అచ్చక్షరాలు పేర్చే పని) చేశాడు. మేం చిన్నప్పుడు బెజవాడలో సిటీ బస్సు కోసం నిలబడి విసుక్కుంటుంటే "మా రోజుల్లో ట్రాము కదుల్తుండగానే ఎక్కేవాళ్ళంరా" అనేవాడు. మాకు ట్రాము అంటే ఏంటో తెలీదు. అటు బెజవాడలోనూ లేదు, ఇటు హైదరాబాద్‌లోనూ లేదు. ట్రాము ఎక్కిన మన పెద్దోళ్ళని ఎవర్ని కదిపినా ఎక్కువగా మద్రాసు పేరే వస్తది. ఆ తర్వాత నేను ఉద్యోగంలో చేరాక నెట్‌లో ఒక మద్రాసు ట్రాము కార్డు బొమ్మ చూసి తాతయ్యకి చూపిస్తే, ఫోన్ కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి "కండక్టరు ఇట్టా పక్కన మెట్టు మీదే నడిచేవాడు" అన్నాడు. అంతే, అక్కణ్ణించి మొదలు, ఇప్పుడు అరవై దాకా ఉన్నాయి.

తెలీనోళ్ళ కోసం, మద్రాసులో కరెంటు ట్రాములు 1895 మే 7న మొదలయ్యాయి, మన దేశంలో మొదటి కరెంటు ట్రాము అదే. కలకత్తాకి గుర్రం ట్రాము 1873లోనే వచ్చింది కానీ కరెంటు ట్రాము రావటానికి 1902 అయ్యింది, బొంబాయికి 1907. మద్రాసులో మొదట్లో పైన వైర్లు ఉండేవి కావు, రోడ్డులో గాడి తీసి దాని కింద నించి కరెంటు అందించేవాళ్ళు, తర్వాత్తర్వాత పైన వైర్లు వేశారు. అందుకే మద్రాసు కార్డు చేతికి రాగానే నేను ముందు ఆకాశం చూస్తా, వైర్లు ఉన్నాయా లేవా అని. 1953 ఏప్రిల్‌లో కంపెనీ చేతులెత్తేసి ట్రాములు ఆగిపోయాయి. అదే ఏడు అక్టోబరు 1న మనకి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మనది కాకుండా పోయింది. తాతయ్య ఈ రెండూ కలిపే చెప్పేవాడు, ఏది ఎక్కువ బాధో తేల్చేవాడు కాదు.

సరే షాపు సంగతికొద్దాం.

పొద్దున్నే బెజవాడలో పినాకిని రైలు ఎక్కి మధ్యాహ్నానికి దిగి, భోంచేసి వెళ్ళేసరికి షాపు మూసుంది. ఫోన్ చేస్తే నాలుక్కి తీస్తానన్నాడు, నాలుగున్నరకి తీశాడు. ఓనరుకి డెబ్బై పైనే ఉంటాయి, తెలుగోళ్ళే, మూడు తరాల నించి అక్కడే అంట, తెలుగు మాట్లాడతాడు కానీ మధ్యలో అరవం దొర్లుతుంటది. నేను బాబాయ్ గారూ అనేశా, ఆయన కూడా వెంటనే బాబూ అన్నాడు, అక్కడికి బేరం సగం అయిపోయినట్టే అనుకున్నా (తప్పు, ఒక్క రూపాయి తగ్గించలా). కార్డులన్నీ చెప్పుల డబ్బాల్లో నిలువుగా పెట్టి ఉన్నాయి, గుళ్ళు ఒక డబ్బా, రైలు ఒకటి, దొరలూ గుర్రాలూ ఒకటి. ట్రాముకి విడిగా డబ్బా లేదు, రైల్లో కొన్ని, వీధుల్లో కొన్ని, ఒకటైతే గుళ్ళల్లో దొరికింది ఎందుకంటే వెనకాల గోపురం కనిపిస్తుంది. ఫ్యాన్ లేదు. గాలికి కార్డులు ఎగురుతాయని పెట్టించలేదంట. రెండున్నర గంటలు కూర్చున్నా, చొక్కా పిండుకోవాల్సొచ్చింది, అయితే ఎంతసేపు తిరగేసినా ఏమీ అనలేదు, మధ్యలో టీ కూడా తెప్పించాడు. దానికి ఫుల్ మార్కులు.

ఇప్పుడు దొరికినవాటిల్లో బెస్ట్ కార్డు. మౌంట్ రోడ్డు. పక్కలు తెరిచున్న ట్రాము, ముందు ఒక ఎద్దుబండి అడ్డం, ట్రాము మెట్టు మీద గొడుగు చంకలో పెట్టుకున్న మనిషి. నేను జేబులో కంసాలి వాడే చిన్న భూతద్దం పెట్టుకెళ్తా, దాంతో చూస్తే లోపల బల్ల మీద కూర్చున్నోళ్ళల్లో ఒకాయన మాత్రం మెడ తిప్పి సరిగ్గా కెమెరా వైపు చూస్తున్నాడు, మిగతా వాళ్ళెవరికీ పట్టలేదు. ఇంక బొమ్మ మీదే ఎవరో సిరాతో ఒక ఇంటూ మార్కు పెట్టారు, రోడ్డు పక్కన. వెనక్కి తిప్పితే ఎడ్వర్డ్ రాజు ఒక అణా ఎర్ర స్టాంపు, మద్రాసు ముద్ర, స్కాట్లండ్ అడ్రసు, పక్కన చిన్న అక్షరాలతో "రోజూ ఆఫీసుకి ఈ బండి మీదే వెళ్తా, గుర్తు పెట్టిన చోట దిగుతా, ఎండ భరించలేకపోతున్నా" అని ఇంగ్లీషులో రాసుంది. మౌంట్ రోడ్డులో దిగి స్కాట్లండ్‌లో ఇంటికి రాసుకున్న ఆ కార్డు మళ్ళీ సముద్రం దాటొచ్చి నా చేతిలో ఉంది. దీని రేటు ఎంతంటే 700. ఎందుకయ్యా అంటే మూల నలిగింది, బొమ్మ మీద సిరా పడింది, ఖరాబైంది బాబూ అన్నాడు. అదే బొమ్మ, వెనక ఖాళీగా శుభ్రంగా ఉన్న ఇంకో కాపీ 1,800. నేను మొహంలో ఏమీ కనపడనీయకుండా 700ది తీసుకున్నా.

ఇదే ఆయనతో నాకున్న అసలు పేచీ. ఆయన ముందువైపు చూసి రేటు కడతాడు. ట్రాము కార్డుకి వెనకే ప్రాణం అంటాను నేను. వెనక వైపు చూడకుండా అది ఏ కాలందో ఎట్టా తెలుస్తది? తొలినాళ్ళ కార్డులకి వెనక అడ్రసు తప్ప ఏమీ రాయకూడదు, అందుకే జనం బొమ్మ పక్కన ఉన్న కాస్త తెల్లజాగాలో ఇరికించి రాసేవాళ్ళు. మధ్యలో గీత గీసి ఎడమ పక్క ఉత్తరం, కుడి పక్క అడ్రసు రాసుకోవటం ఇంగ్లండులో 1902లో ఒప్పుకున్నారు, అమెరికాలో 1907లో. ఆ గీత ఒక్కటి చాలు అబద్ధాలు పట్టుకోటానికి. ఎవరు వేశారో కూడా వెనకే ఉంటది, మద్రాసు కార్డులైతే హిగ్గిన్‌బోథమ్స్ అనే పుస్తకాల షాపు వాళ్ళవీ, వీలే అండ్ క్లైన్ అనే ఫోటో స్టూడియో వాళ్ళవీ ఎక్కువ తగుల్తాయి. కొన్నిటి మీద ప్రింటెడ్ ఇన్ శాక్సనీ అని ఉంటది, అంటే ఫోటో మనది, ప్రింటు జర్మనీది.

ఈయన వాట్సాప్‌లో కార్డులు పంపిస్తాడు, బాగుంది, కానీ అన్నీ ముందువైపే. వెనక పెట్టండి బాబాయ్ గారూ అంటే "వెనక ఏముంది బాబూ, రాత" అంటాడు. అడిగి అడిగి పెట్టించుకోవాలి.

ఇంక బొంబాయి కార్డు కామెడీ. కవరు మీద పెన్సిల్‌తో "బొంబాయి డబుల్ డెక్కర్ ట్రాము 1908" అని రాసుంది, రేటు 1,600. బొంబాయిలో రెండంతస్తుల ట్రాము దించిందే 1920లో. గుర్రం ట్రాములు 1874, కరెంటు 1907, డబుల్ డెక్కర్ 1920, ఆఖరి ట్రాము బోరీబందర్ నించి దాదర్‌కి 1964 మార్చి 31న, ఇవి నాకు నోటికొచ్చు, మా ఇంట్లో వాళ్ళు దీనికి నవ్వుతారు. ఆయనకి చెప్పా. కాసేపు కార్డు చూశాడు, నన్ను చూశాడు, రబ్బరు తీసుకుని 1908 చెరిపేసి 1920 అని రాశాడు. రేటు మాత్రం అదే. కొనలా.

గొడవ ఇప్పుడు. పారీస్ కార్నర్ ట్రాము కార్డు, 1910 ఒరిజినల్ అని 1,500 తీసుకున్నాడు. షాపులో ఉన్నది ఒక్క పసుప్పచ్చ బల్బు, ఆ వెలుగులో పాతగానే ఉంది, అంచులు కూడా మాగినట్టున్నాయి, నేను కూడా తొందరపడ్డా, రైలు టైమైపోతోంది. ఇంటికొచ్చి రాత్రి లైటార్పి, దొంగనోట్లు చూసే యూవీ టార్చి ఉంటది కదా, 300 పెడితే దొరుకుద్ది, అది కొట్టా. మౌంట్ రోడ్డు కార్డు మీద వేస్తే మసగ్గా గోధుమరంగులో ఉండిపోయింది, పారీస్ కార్నర్ మాత్రం సర్ఫుతో ఉతికిన తెల్ల చొక్కా మీద పడ్డట్టు నీలంగా భగ్గుమంది. సర్ఫులో తెల్లదనం కోసం కలిపే మందు లాంటిదే కాయితాల్లో కూడా కలుపుతారు, అది మొదలైందే 1950ల చుట్టుపక్కల, 1910 కాయితంలో ఉండే ఛాన్సే లేదు. భూతద్దం పెడితే వరసగా రంగు చుక్కలు, మామూలు ఆఫ్‌సెట్ ప్రింటు. నిజం ఫోటో కార్డుకి చుక్కలే ఉండవు.

పొద్దున్నే ఫోన్ చేశా, ఎత్తలా, నాలుగు తర్వాత ఎత్తాడు.

"బాబాయ్ గారూ, ఆ పారీస్ కార్నర్ కొత్త ప్రింటండి."

"అదెట్లా బాబూ, మా నాయన కాలం నించి డబ్బాలో ఉంది."

ఉండుంటది, ఆయన అబద్ధమాడాడని నేననుకోవట్లేదు, వాళ్ళ నాయనకే ఎవరో అంటగట్టుంటారు. కానీ నాకు 1,500 పోయినట్టే కదా. డబ్బులు వెనక్కివ్వను, మార్చి ఇస్తానన్నాడు. నెలన్నర తర్వాత ఆ పని మీదే మళ్ళీ వెళ్ళా, రానూపోనూ ఛార్జీలు నావే. ఆయన ముందే గది తలుపేసి చీకట్లో టార్చి కొట్టి చూపించా. ఏం మాట్లాడలేదు, టార్చి నా చేతిలోంచి తీసుకుని ఇంకో డబ్బా తెచ్చి వరసగా కొట్టటం మొదలెట్టాడు, నాలుగు కార్డులు వెలిగాయి, నాలుగూ తీసి పక్కన పడేశాడు. ఆ నాలుగూ ఆయన అమ్ముకున్నా అడిగేవాళ్ళు లేరు. నా 3 రేటింగు 3.5 అయ్యింది అక్కడే.

మార్పిడిలో కలకత్తా ఎస్ప్లనేడ్ కార్డు తీసుకున్నా, 900. ట్రాములో ముందు పెట్టె ఫస్ట్ క్లాసు, వెనక పెట్టె సెకండ్ క్లాసు, రెండూ కనిపిస్తాయి. ఊరికే కొన్నది కాదు, ఆ ఎస్ప్లనేడ్‌లో పాత ట్రామునే మ్యూజియంలా చేసి పెట్టారు, స్మరణిక అని, రెండేళ్ళ కింద వెళ్ళొచ్చా. 2024లో అయితే అక్కడి గవర్నమెంటు ఎస్ప్లనేడ్, మైదాన్ మధ్య ఒక్క ముక్క తప్ప మిగతావి ఆపేస్తామని చెప్పేసింది, ఇంక కలకత్తా కార్డులకి కూడా రేట్లెక్కిస్తారు చూడండి.

కొత్త కార్డులు ఇక్కడ కొనకండి. మెల్‌బోర్న్ పాత ఆకుపచ్చ డబ్ల్యూ క్లాసు ట్రాము, లిస్బన్ 28 నంబరు పసుప్పచ్చ ట్రాము, శాన్‌ఫ్రాన్సిస్కో, ఒక్కోటి 150 చెప్తాడు. మన తెలుగోళ్ళు లేని ఊరేదీ, మెల్‌బోర్న్‌లో మా బావ ఉన్నాడు, ఒక్క మెసేజ్ పెడితే అక్కడి స్టాంపు, అక్కడి ముద్రతో ఇంటికే వస్తది, దాని ముందు ఈ ఖాళీ కార్డు ఎందుకు. బావకి నాలుగు వాక్యాలు రాయమంటే "కార్డు అందగానే ఫోన్ చెయ్" అని రాస్తాడు, అది వేరే బాధ. శాన్‌ఫ్రాన్సిస్కోవి కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, నారింజ రంగు ట్రాము కనపడితే ఇటలీ మిలాన్ కార్డని డబ్బాలో వేసేశాడు ఈయన, అది మిలాన్ నించి తెచ్చిన 1928 నాటి బండే, కానీ తిరిగేది శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్ స్ట్రీట్‌లో. ఒక్కోసారి ఇలాంటి పొరపాట్లు మనకే కలిసొస్తాయి.

పార్శిల్ మాత్రం దారుణం. ఒకసారి స్పీడ్ పోస్టులో పంపమంటే మామూలు కవర్లో, ఒకవైపే అట్టముక్క పెట్టి పంపాడు, కార్డు మూల మడత పడి వచ్చింది. రెండు వైపులా అట్ట పెట్టమని, కార్డు మీద నేరుగా టేపు తగలనీయొద్దని ముందే చెప్పండి. ఆయన ఊరికే ఇచ్చే ప్లాస్టిక్ కవర్లు కూడా వాడకండి, ముక్కు దగ్గర పెడితే కొత్త రెయిన్‌కోటు వాసనొస్తది, అది పీవీసీ, కొన్నేళ్ళకి కార్డుని అంటుకుపోద్ది. పాలీప్రొపిలీన్‌వి విడిగా కొనుక్కుని ఇంటికి రాగానే మార్చేయండి.

నా లెక్కలో ఇంకా 600 ఆయన దగ్గరే ఉంది. నోటుబుక్కులో రాసి, సంతకం పెట్టి, ఆ పేజీ ఫోటో తీసుకోమన్నాడు. అరవంలో ఉంది, ఏం రాశారండీ అనడిగితే చదివి వినిపించాడు, నా పేరు బదులు "విజయవాడ ట్రాము, 600" అని ఉందంట. పోయిన వారం ఒక మింట్ స్ట్రీట్ కార్డు వాట్సాప్‌లో పెట్టాడు, ముందు ఫోటో పెట్టిన రెండు నిమిషాలకి, అడక్కుండానే, వెనక ఫోటో కూడా వచ్చింది. చీకట్లో తీసినట్టుంది, టార్చి వెలుగు కూడా పడుతోంది. కార్డు వెలగలా. 600 పోను ఇంకెంత పంపాలో అడిగా, నాలుగు దాటాక చెప్తాడు.